అడ్డంగా కుంగిన కట్ట

నెల్లూరు ట్రంకు రోడ్డులో గడియారాల రిపేరు కొట్టు పైన, చెక్కమెట్లు ఎక్కి వెళ్ళే ఒక మేడగది ఉండేది. పంతొమ్మిది వందల అరవై ఒకటి నాటి మాట. ఇప్పుడు ఆ మేడా లేదు, ఆ మెట్లూ లేవు. ఆ గదిలో ప్రైవేటు డిటెక్టివ్ చెంచురామయ్య గారు, ఆయన దగ్గర అసిస్టెంటుగా హెబ్రోను కూర్చునేవారు. మెట్లు కిర్రుమనే తీరును బట్టే వచ్చేది ఆడో మగో, తొందరలో ఉన్నారో తీరుబడిగా ఉన్నారో చెంచురామయ్య గారు చెప్పేసేవారు. ఆయన మాట పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఆ పదోసారి సంగతి తర్వాత వస్తుంది.

ఏప్రిల్ మూడో వారంలో ఒక ఉదయం మెట్లు కిర్రుమన్నాయి, ఆగాయి, మళ్ళీ కిర్రుమన్నాయి.

"ఆడమనిషి. సగం ఎక్కి, వెనక్కి పోదామా అనుకుంది. మంచినీళ్ళు తీసుకురా హెబ్రోనూ," అన్నారు చెంచురామయ్య గారు.

వచ్చింది ముప్ఫై అయిదేళ్ళ స్త్రీ. పేరు ప్రేమలీల, ఊరు బిట్రగుంట. నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని కథ మొదలుపెట్టింది.

ఆమె భర్త కృపాదానం. ఒకప్పుడు బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇప్పుడు రోడ్డు పనిలో ఆవిరి రోలరు నడుపుతున్నాడు. బోగోలు నుంచి సముద్రం ఒడ్డున ఉన్న కయ్యలపాలెం దాకా కొత్త రోడ్డు వేస్తున్నారు. ఉప్పు నేల కాబట్టి నాలుగు అడుగుల ఎత్తున మట్టికట్ట పోసి, దాన్ని రోలరుతో తొక్కించి, పైన కంకర పరుస్తున్నారు. ఎనిమిది రోజుల కిందట మూడో మైలు దగ్గర కంకర లారీ చక్రం కట్టలోకి కుంగిపోయి, లారీ ఒరిగి, డ్రైవరు చెయ్యి విరిగింది. ఓవర్సీరు వచ్చి మట్టి పరీక్ష చేసి, అక్కడ రోలరు తిరగనే లేదని రాసేశాడు. గురువారం పెద్ద ఇంజనీరు విచారణకు వస్తున్నాడు. నేరం రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా.

"రోలరు పొయ్యి ఆర్పేసినారయ్యా. దాని దగ్గరికి పోకూడదంట. అన్నం ముట్టి మూడు రోజులైంది ఆయన," అంది ప్రేమలీల.

"అతను నిజం చెబుతున్నాడని మీకెట్లా తెలుసమ్మా?"

"అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. పెళ్ళైన కాడినుంచీ చూస్తా ఉండాను."

"ఈసారి?"

"చెవులు ఎర్రబడలేదు. కళ్ళు ఎర్రబడినాయి."

చెంచురామయ్య గారు లేచి కోటు తగిలించుకున్నారు. హెబ్రోనుకు అర్థమైపోయింది. కేసు తీసుకున్నట్టే.

*

ఆ రోజుల్లో నెల్లూరు నుంచి బిట్రగుంటకు ప్యాసింజరులో వెళ్ళడమంటే హెబ్రోనుకు పండుగ. కిటికీలోంచి మొహం బయట పెడితే బొగ్గునుసి కళ్ళల్లో పడేది. అయినా పెట్టేవాడు. బిట్రగుంటలో దిగేసరికి ఇంజన్ల ఆవిరి, రైల్వే కాలనీలో ఎర్ర ఇటుకల ఇళ్ళు, ప్లాట్‌ఫారం మీద బాదం ఆకుల్లో వేడి ఇడ్లీ. ఆ వాసనలన్నీ కలిపి ఎవరైనా సీసాలో పోసి ఇస్తే ఈనాటికీ కొనుక్కుంటాడు.

జట్కాలో బోగోలు దాకా, అక్కడి నుంచి కాలినడకన మూడో మైలు. తెల్లటి ఉప్పు నేల మధ్య ఎర్ర గరుసు మట్టి కట్ట తిన్నగా సముద్రం వైపు సాగుతోంది. అరచేయంత ఎర్రమట్టి కూడా అక్కడ సహజంగా దొరకదు. అంతా మెట్ట పొలాల నుంచి ఎడ్లబండ్ల మీద తోలిందే. మూడో మైలు దగ్గర కట్టకు తూర్పున ఉప్పుటేరు, పడమర ఉప్పు పండించే మడులు, ఉప్పు కయ్యలు. ఏటి నుంచి వచ్చే పాత కాలువ కట్ట పాదాన్ని తాకి ఆగిపోయింది. అవతలి వైపు కయ్యల్లో మాత్రం నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆడవాళ్ళు పారలతో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. హెబ్రోను ఆ అందం చూస్తూ నిలబడ్డాడు. చెంచురామయ్య గారు అటే చూశారు గాని, ఆయన చూసింది అందం కాదని తర్వాత తెలిసింది.

ఆయనకొక అలవాటు ఉండేది. నేరం జరిగిన చోట చెప్పులు విప్పేసేవారు. ఆ రోజూ విప్పి హెబ్రోను చేతికిచ్చి, కట్ట మీద మడమ ఆనిస్తూ మెల్లగా నడిచారు.

ఓవర్సీరు మస్తానయ్య పరీక్ష సామాను పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. కొత్తగా నేర్చుకున్న విద్య, అడిగిందే తడవు వివరించాడు. కట్టలో గుండ్రంగా గొయ్యి తీయాలి. వచ్చిన మట్టిని తూచాలి. ఆ గోతిలో సన్న ఇసుక నింపి, ఎంత పట్టిందో కొలవాలి. అంత చోటులో ఎంత మట్టి ఇమిడిందో తేలిపోతుంది. తక్కువ ఇమిడితే రోలరు తొక్కనట్టే.

"ఎక్కడ తీశారు గొయ్యి?" అని అడిగారు చెంచురామయ్య గారు.

"కుంగిన చోటే సార్. అడుగున్నర లోతు. మట్టి గుల్లగా ఉండాది."

"దానికి ఇటు రెండు గజాలు, అటు రెండు గజాలు?"

"కుంగని చోట ఎందుకు సార్ తవ్వడం?"

"నా కోసం తవ్వండి."

తవ్వాడు. రెండుచోట్లా గడ్డపార ఠంగుమంది. లెక్క చూసి మస్తానయ్య పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. రెండుచోట్లా మట్టి రాయిలా ఉంది. కుంగిన చోట గుల్లమట్టి ఎంత మేర ఉందో చెంచురామయ్య గారు మడమతోనే కనిపెట్టి, గడ్డపార మొనతో గీత గీశారు. రెండు మూరల వెడల్పు, కట్ట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. తర్వాత వంగి, గుల్లమట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. పక్కనున్న గట్టిమట్టి కూడా చిటికెడు రుచి చూశారు. మస్తానయ్య నోరు తెరిచి, హెబ్రోను వైపు చూశాడు. ఆ గుల్లమట్టిని ముద్దగా పిసికి హెబ్రోను రుమాలులో కట్టించి, "జాగ్రత్త," అన్నారు చెంచురామయ్య గారు.

కృపాదానం చల్లారిన రోలరు నీడలో కూర్చుని ఉన్నాడు. నల్లటి భారీ మనిషి. పని ఎట్లా చేసేవాడో చెప్పమంటే ముందు పొడిమాటలు చెప్పాడు. మట్టి సంగతి రాగానే మనిషి మారిపోయాడు. జానెడు మందాన మట్టి పొర పరుస్తారు. బోగోలు చెరువు నుంచి పీపాలబండ్ల మీద తెచ్చిన మంచినీళ్ళు చల్లుతారు. ఎనిమిది సార్లు రోలరు తొక్కించి, ఆ పైన ఇంకో పొర.

"నీళ్ళ దగ్గరే ఉండాది సారూ అంతా. ముద్ద చేస్తే నిలవాల. కిందేస్తే రెండు ముక్కలు కావాల. పిండి అయిపోతే నీళ్ళు చాల్లేదు. అప్పడంలా అతుక్కుంటే ఎక్కువైనాయి. నేను ప్రతి పొరకూ ముద్ద చేసి చూస్తాను. మా షెడ్డులో బాయిలరు చూసుకున్నట్టే."

"మూడో మైలు ముగించి ఎన్నాళ్ళైంది?"

గుడ్ ఫ్రైడేకు ముందురోజు ముగించి, బిట్రగుంట చర్చికి వెళ్ళిపోయాడు. ఈస్టరు మరుసటి రోజు దాకా పనికి సెలవు. తిరిగి వచ్చి నాలుగో మైలు మొదలుపెట్టాడు. మూడో మైలు మీద మళ్ళీ రోలరు ఎక్కించే పనే పడలేదు.

సామాను కాపలా చిన్నపోలయ్య గుడిసె అక్కడికి అరమైలు దూరం. సెలవు రోజుల్లో అతను గుడిసె వదల్లేదు. పగలు కట్ట వైపు అలికిడేమైనా విన్నావా అంటే లేదన్నాడు. మట్టి అణచే దిమ్మిస కొడితే మైలు దూరం వినబడుతుంది, తన చెవులు బాగానే ఉన్నాయి, ఆ నాలుగు రోజుల్లో ఒక్క దెబ్బ వినలేదు. ఉప్పుకయ్యల ఆడవాళ్ళ పాట తప్ప ఏమీ లేదు. ఆ పాట రోజూ ఉండేదే.

*

ఎండ నెత్తికెక్కాక కృపాదానం వాళ్ళను కయ్యలపాలెంలో ఆదిశేషమ్మ ఇంటికి తీసుకువెళ్ళాడు. ఉప్పు తొక్కే ఆడవాళ్ళకు ఆమె మేస్త్రి. యాభై ఏళ్ళ మనిషి, కాళ్ళు చూస్తే తాటి మొద్దుల్లా ఉంటాయి. రోడ్డు పని మొదలైనప్పటి నుంచి కృపాదానానికి మధ్యాహ్నపు కూడు ఆమె ఇంట్లోనే. తాటిముంజలు వలిచి అతిథుల ముందు పెట్టింది. కృపాదానం వద్దంటే విరుచుకుపడింది.

"తినబ్బయ్యా. నువ్వు కడుపు మాడ్చుకుంటే ఆ ఇనపగుర్రం ఏడస్తదా?"

అంటూనే మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం హెబ్రోను చూశాడు. మంచి మనిషి అనుకున్నాడు.

ముంజలు తిని అరుగు మీద నుంచి లేచేసరికి హెబ్రోను తెల్లపంచె వెనక ఎర్రగా అంటుకుపోయింది. అరుగు కొత్తగా వేసింది. పచ్చి ఇంకా పూర్తిగా ఆరలేదు. చెంచురామయ్య గారు ఆ మరక వైపు చాలాసేపు చూసి, ఉతికించవద్దన్నారు. పెళ్ళికాని మనిషి ఆ మరకతో రైలెక్కడమెట్లా అని హెబ్రోను బాధపడ్డాడు.

తిరిగి వచ్చే దారిలో కొత్త ఉప్పుకయ్య తయారుచేయడం కనబడింది. ఇరవై మంది ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని, వరసగా నిలబడి, పాట పాడుతూ బురదను పాదాలతో తొక్కుతున్నారు. అడుగు పక్కన అడుగు. ఎక్కడా వేలెడు చోటు వదలడం లేదు. వాళ్ళు దాటిపోయిన వెనక నేల పలకలా నున్నగా మెరుస్తోంది. అట్లా తొక్కితే చుక్క ఉప్పునీరు కూడా కిందికి ఇంకదని కృపాదానం మెచ్చుకోలుగా చెప్పాడు. హెబ్రోను ఆ పాట రైల్లో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

చెంచురామయ్య గారు మాత్రం ఒడ్డున వలలు ఆరేస్తున్న వాళ్ళను ఒక్క ప్రశ్న అడిగారు. గురువారం ఏటికి పోటు ఎన్ని గంటలకు వస్తుందని. పదిన్నరకు అన్నారు. విచారణ తొమ్మిదింటికి కాదు, పదింటికి కట్ట మీదే పెట్టించమని ఆయన మస్తానయ్యతో చెప్పి వచ్చారు.

*

గురువారం పదింటికి అందరూ మూడో మైలు దగ్గర చేరారు. గొడుగు కింద పెద్ద ఇంజనీరు, ఆయన వెనక మ్యాపుల గొట్టంతో మస్తానయ్య, ఒక పక్క కృపాదానం, ప్రేమలీల. చెయ్యి మెడకు కట్టుకున్న లారీ డ్రైవరు మైలురాయి మీద కూర్చున్నాడు. ఆదిశేషమ్మ, ఆమె వెనక ఉప్పు ఆడవాళ్ళు కట్ట దిగువన నిలబడ్డారు. వాళ్ళను కూడా రమ్మని కబురు చేసింది చెంచురామయ్య గారే.

ఆయన చెప్పులు విప్పి, వాచీ చూసుకుని మొదలుపెట్టారు.

"అయ్యా, రోలరు కట్ట పొడుగునా నడుస్తుంది. బద్ధకించిన డ్రైవరు తొక్కకుండా వదిలేస్తే గుల్లమట్టి ఎట్లా ఉండాలి? పొడుగునా పట్టీలా ఉండాలి. ఇక్కడ రెండు మూరల వెడల్పున అడ్డంగా ఉంది. రోలరు అడ్డంగా నడవదు. ఇది తొక్కకుండా వదిలిన చోటు కాదు. తొక్కిన కట్టను మళ్ళీ తవ్వి పూడ్చిన చోటు. అది గుడ్ ఫ్రైడే సెలవుల్లో జరిగింది. అప్పుడు కృపాదానం బిట్రగుంటలో ఉన్నాడు."

ప్రేమలీల గట్టిగా ఊపిరి వదిలింది.

"ఎవరు తవ్వారు?" అన్నాడు ఇంజనీరు.

"అది మట్టే చెప్పింది. కృపాదానం వాడేది చెరువు నీళ్ళు. పూడ్చిన మట్టి ఉప్పగా ఉంది. ఏటి నీళ్ళతో తడిపారు. పూడ్చిన వాళ్ళు దిమ్మిస కొట్టలేదు, చప్పుడు వినబడలేదు. అయినా పైపొర నున్నగా పలకలా ఉంది. చప్పుడు లేకుండా పైమట్టిని అంత నున్నగా అణచడం ఈ తీరంలో కయ్యలు తొక్కే వాళ్ళకే వచ్చు."

ఉప్పు ఆడవాళ్ళు ఆదిశేషమ్మ వైపు చూశారు.

"గట్టిపడిన కట్టను తవ్వితే వచ్చిన మట్టి మళ్ళీ ఆ గోతిలో పట్టదు. మిగులుతుంది. అందులో ఏదైనా పెట్టి పూడిస్తే ఇంకా మిగులుతుంది. ఎర్రమట్టి దొరకని ఊళ్ళో ఎర్రమట్టి అరుగు ఒక్కటే ఉంది. మా హెబ్రోను దాని మీద కూర్చుని లేచాడు." ఆయన సంచిలోంచి పంచె తీసి చూపించారు. అంతమంది ఆడవాళ్ళ ముందు తన పంచె జెండాలా ఎగరడం చూసి హెబ్రోను తల వంచుకున్నాడు.

"ఏం పెట్టారు అందులో?" అన్నాడు ఇంజనీరు.

చెంచురామయ్య గారు మళ్ళీ వాచీ చూసుకున్నారు. "కాస్త ఆగండి. సముద్రం వచ్చి చెబుతుంది."

అందరూ ఏటి వైపు తిరిగారు. ఉప్పుటేరులో నీరు లేచి కట్ట పాదం తాకింది. తర్వాత పడమటి వైపు, ఉప్పుచెట్ల తుప్పల్లో గుడగుడమని చప్పుడైంది. తుప్పలు కదిలాయి. వాటి అడుగున, కట్టలో అడ్డంగా పాతిన తాటిదోనె మూతి కనబడింది, మొద్దును గొట్టంలా తొలిచింది. అందులోంచి ఏటి నీరు ధారకట్టి, పాత కాలువలో పడి, ఉప్పుకయ్యల వైపు పరిగెత్తింది.

"కాలువ కట్ట దగ్గర చచ్చిపోయింది. అవతలి కయ్యలు మాత్రం నీళ్ళు తాగుతున్నాయి. మొదటి రోజే నాకు అది వింతగా తోచింది," అన్నారు చెంచురామయ్య గారు.

ఆదిశేషమ్మ ఎవరూ పిలవకుండానే కట్టెక్కి వచ్చింది.

"నేనే తొక్కించినానయ్యా. ఈళ్ళంతా నా మాట మీద వచ్చినోళ్ళు. ఆ కాలువ మా అత్తల నాటిది. దాన్ని కట్టతో మూసేస్తే నలభై కొంపల ఉప్పు ఎండిపోద్దని ఈ ఓవర్సీరయ్యకు రెండుసార్లు చెప్పుకున్నాము. మ్యాపులో కాలువ లేదన్నాడు. సముద్రానికి మ్యాపు తెలవదు గదా. సీజను పోతా ఉంటే చూస్తా కూర్చోలేకపోయినాము." ఆమె ఆగి, లారీ డ్రైవరు వైపు, తర్వాత కృపాదానం వైపు తిరిగింది. "మేము తొక్కితే కయ్య దిగబడదు. కట్టా దిగబడదనుకున్నాము. ఈ అబ్బయ్య చెయ్యి విరిగిన్నాడే చెప్పాల్సింది. భయపడినాను. నీకు కూడు పెడతా, నీ మొహం చూస్తా, నోరు మూసుకున్నాను తమ్ముడూ."

కృపాదానం ముందుకు వచ్చాడు. కుంగిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, గుల్లమట్టి తీసి చేతిలో నలిపాడు. రోలరు పొయ్యి ఆర్పేశాక అతను మట్టి ముట్టుకోవడం అదే మొదలు.

"నీళ్ళు ఎక్కువ పోసినావక్కా," అన్నాడు చివరకు. "కయ్యకు బురద కావాల. కట్టకు పనికిరాదు. బురద ఆరిపోతే నీళ్ళున్న చోటల్లా గుల్ల అయిపోద్ది. నన్నడిగుంటే చెప్పుందును గదా."

"నిన్నడిగితే తవ్వనిస్తావా?"

"తవ్వనియ్యను," అని ఒప్పుకున్నాడు. ప్రేమలీల ఏడుస్తూనే నవ్వింది.

ఇంజనీరు మ్యాపు తెప్పించుకుని తన జీపు బానెట్ మీద పరిచాడు. కాలువ లేదు. సర్వే ఎప్పుడు జరిగిందని మస్తానయ్యను అడిగాడు. నవంబరులో అన్నాడు మస్తానయ్య. నవంబరులో అక్కడ కాలువేది, ఏరేది, అంతా ఒకటే నీళ్ళు. మ్యాపు కింద సంతకం ఇంజనీరుదే. ఆయన ఆ సంతకం మీద వేలు పెట్టాడు.

"పోలీసు కేసు రాస్తే ముందు ఈ మ్యాపు సంగతి రాయాలి," అన్నాడు మెల్లగా. "మస్తానయ్యా, ఇక్కడ తూము కట్టాలి, అంచనా వెయ్యండి. కృపాదానం, నీ రోలరు పొయ్యి ముట్టించుకో." ఆదిశేషమ్మ వైపు తిరిగి, ఒక మనిషి చెయ్యి విరిగిందని గుర్తుపెట్టుకోమన్నాడు. ఆమె గుర్తుపెట్టుకుంది. ఆ చెయ్యి అతికే దాకా లారీ డ్రైవరు ఇంటికి కయ్యలపాలెం నుంచి బియ్యమూ చేపలూ ఒక్కరోజు తప్పకుండా వెళ్ళాయి. ఇల్లిల్లూ వంతులు వేసుకుని మరీ మోశారు.

*

నెల తిరక్కుండా తూము లేచింది. దాని మీద మట్టి పోసేటప్పుడు ముద్ద చేసి చూసే పని కృపాదానం ఆదిశేషమ్మకే అప్పగించాడని, ఆమె సరేనంటే తప్ప రోలరు కదిలేది కాదని ప్రేమలీల ఉత్తరం రాసింది.

ఉత్తరం వచ్చిన వారానికి మేడమెట్లు గట్టిగా కిర్రుమన్నాయి. ఒక్కొక్క మెట్టూ బరువుగా, ఆగకుండా.

"మగమనిషి. బస్తా మోస్తున్నాడు. చిన్నపోలయ్య అయి ఉండాలి," అన్నారు చెంచురామయ్య గారు పేపరులోంచి తల ఎత్తకుండా.

గుమ్మంలో ఆదిశేషమ్మ. నెత్తి మీద గంపెడు ఉప్పు. కొంగున మడిచి తెచ్చిన తెల్లపంచె హెబ్రోను చేతిలో పెట్టింది. పాత పంచెకు బదులంట. ఆ పదోసారి అదే.

చెంచురామయ్య గారు పోయి చాలా ఏళ్ళైంది. ఆవిరి రోలర్లూ పోయాయి. బిట్రగుంట షెడ్డులో ఇంజన్ల కూత ఆగిపోయింది. హెబ్రోను ఎప్పుడైనా బస్సులో ఆ దారిన వెళితే, మూడో మైలు దగ్గర చక్రాల చప్పుడు మారడం కోసం చెవి ఒగ్గి కూర్చుంటాడు. మారదు. తూము దాటినట్టే తెలియదు. కృపాదానం పని అట్లాంటిది.

కాని ఆ రోజు రుమాలులో కట్టిన మట్టిముద్ద ఇంకా హెబ్రోను బల్ల మీదే ఉంది. దాని మీద చెంచురామయ్య గారి వేళ్ళ గుర్తులు అట్లాగే ఉన్నాయి. ఎండలు ముదిరితే ఏటా దాని మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. ఇంట్లో వాళ్ళు తుడవబోతే హెబ్రోను వద్దంటాడు. వాళ్ళు అటు తిరగగానే వేలితో అద్ది, నాలుక మీద పెట్టుకుంటాడు.